నాచు విడిచే రెక్క

మన సంఘం కార్యదర్శిగారు ఈ ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందని కోరినప్పుడు, కపిలేంద్ర గజపతి మీదనో, శ్రీకృష్ణదేవరాయల కళింగ దండయాత్ర మీదనో రాస్తానని అనుకొని ఉంటారు. ఆ సంగతులు రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను మెట్రిక్ చదివి రైల్వేలో కలం పట్టిన గుమాస్తాను. రాజుల చరిత్ర నాకు అంతంతమాత్రం. కాని ఒక చిన్న వస్తువు చరిత్ర రెండేళ్ళుగా నన్ను వెంటాడుతున్నది. అది జానెడు మొదలు మూరెడు లోపు పొడవుండే ఒక రెక్క. నీటిలో మునిగి ఉంటుంది గనుక దానిని ఎవరూ చూడరు. దాని కథ చెప్పటానికి పాఠకుల అనుమతి కోరుతున్నాను.

రెండేళ్ళ క్రిందట కార్తీకమాసంలో మన కుటుంబాలన్నీ కలిసి చిలికా ఒడ్డున బర్కూలుకు వనభోజనాలకు వెళ్ళిన సంగతి చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. సాయంత్రం మేమెక్కిన మరపడవ నడినీటిలో ఉన్నట్టుండి నిలిచిపోయింది. ఇంజను మోగుతూనే ఉన్నది, పడవ మాత్రం కదలదు. చూస్తే నీటిలోని పంకాకు నాచు మోకులాగా చుట్టుకొని ఉన్నది. పడవ నడిపేవాడు గంజాం తీరపు మన తెలుగు బెస్తవాడే. పొడుగాటి ఇరుసును పైకెత్తి, కత్తితో నాచు కోసి, మళ్ళీ నీటిలో దించాడు. ఒడ్డు చేరేలోగా మూడుసార్లు అదే పని. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. "నాన్నా, నాచు చుట్టుకోనిది ఎవరూ చెయ్యలేదా?" అని అడిగాడు. నాకు జవాబు తెలియలేదు. పడవవాడు నవ్వి, "నాచుతో దెబ్బలాట పెట్టుకుంటే పడవ ఒడ్డెక్కదు బావూ! అది జారిపోయే దారి మనమే సూపించాల" అన్నాడు. ఆ మాట వాడు ఏ పుస్తకమూ చూసి అనలేదు. కాని ఆ తరువాత నేను చదివిన చరిత్ర అంతా ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నదని తోస్తున్నది.

పంకాల సంగతి వెదకబోయి నేను మరొకచోట తేలాను. మనిషి ఒక పలక మీద నిలబడి, చేతులతో తెరచాప పట్టుకొని, నీటి మీద దూసుకుపోయే ఆట ఒకటి ఉన్నది. దానిని విండ్‌సర్ఫింగ్ అంటారు. దానికి ఇంజను లేదు, చుక్కాని లేదు. అడుగున, వెనుకభాగంలో, చేప రెక్కలాంటిది ఒకటి బిగించి ఉంటుంది. అదే ఫిన్. నాచుతో దెబ్బలాట లేకుండా బయటపడే విద్యను ఎక్కువ శ్రద్ధగా నేర్చినవారు ఆ పలకలవారేనని నాకు తెలిసింది.

ముందు ఆ రెక్క పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. హవాయి ద్వీపాలలో అలల మీద పలక సవారీ తరతరాల నాటిది. కాని ఆ పాత పలకలకు అడుగున రెక్క లేదు. పలక అల వాలు మీద పక్కకు జారిపోతూ ఉండేది. 1935లో టామ్ బ్లేక్ అనే అమెరికన్, వైకీకీ తీరంలో, పాడుబడిన ఒక మరపడవ నుంచి తీసిన లోహపు ముక్కను తన పలక అడుగున బిగించి చూశాడు. పలక జారటం మానింది, చెప్పినట్లు తిరిగింది. పారవేసిన పడవ ముక్కతో ఒక విద్య దారి మారింది. 1960 తరువాతి సంవత్సరాలలో కాలిఫోర్నియాలో జార్జ్ గ్రీనో అనే ఆయన ట్యూనా చేప తోకను పరిశీలించి, వెనక్కి వాలి, కొస సన్నగా వంగే రెక్కలు తయారుచేశాడు. చేపకు తెలిసిన సంగతి మనిషి ఆలస్యంగా తెలుసుకున్నాడన్న మాట.

ఇక పలక మీద తెరచాప ఎవరు ఎత్తారన్న దానికి పెద్ద వ్యాజ్యమే నడిచింది. ఇంగ్లండులో హేలింగ్ ద్వీపం దగ్గర 1958లో పీటర్ చిల్వర్స్ అనే 12 ఏళ్ళ బాలుడు ఆటకోసం అటువంటిది ఒకటి చేసుకున్నాడు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు న్యూమన్ డార్బీ 1964లో తన పలకకు గాలిపటం వంటి తెరచాప కట్టి, 1965లో ఒక పత్రికలో దాని వివరం అచ్చు వేయించాడు. కాలిఫోర్నియాలో విమానాల ఇంజనీరు జిమ్ డ్రేక్, అతని మిత్రుడు హాయిల్ ష్వైట్జర్ కలిసి, ఎటు కావాలంటే అటు వాలే స్తంభం, ఇరువైపులా పట్టుకొనే వంకర కర్ర గల పలకకు 1968లో పేటెంటు దరఖాస్తు పెట్టి 1970లో పొందారు. 1985లో ఇంగ్లండులోని అప్పీలు కోర్టు, ఆ బాలుడు అంతకు ముందే అటువంటిది చేసి ఉన్నాడు గనుక అక్కడ ఆ పేటెంటు చెల్లదని తీర్పు చెప్పింది. పన్నెండేళ్ళ పిల్లవాడి ఆట కోర్టులో సాక్ష్యమై నిలవటం ఈ కథలో నాకు నచ్చిన ఘట్టం.

ఆ మొదటి పలకలకు నడిమధ్య నీటిలోకి దించే పెద్ద చెక్క ఒకటి, వెనుక చిన్న రెక్క ఒకటి ఉండేవి. గాలి తెరచాపను పక్కకు తోస్తుంది. నీటిలో అడ్డం పట్టేది లేకపోతే పలక గాలి వాలునే కొట్టుకుపోతుంది. నడిమి చెక్క ఆ పక్కతోపును ఆపి, ముందునడకగా మార్చేది. 1977 ప్రాంతంలో హవాయి యువకులు పలకకు కాళ్ళు దూర్చుకొనే పట్టీలు వేశారు. దానితో ఎగిరే అలల మీద కూడా మనిషి పలకను విడవకుండా నిలవగలిగాడు. పలకలు పొట్టివై, తేలికై, నీటిని చీల్చటం మాని నీటి మీద తేలి పరుగెత్తసాగాయి. ఆ వేగంలో నడిమి చెక్క అడ్డమైంది, తీసివేశారు. అప్పటినుంచి భారమంతా వెనుక రెక్క ఒక్కదాని మీదనే పడింది. విమానానికి రెక్క ఎటువంటిదో ఈ పలకకు ఫిన్ అటువంటిది. తేడా అల్లా, అది పైకి ఎత్తదు, పక్కకు పోనీయదు.

తరువాత వేగం పిచ్చి పట్టింది. ఇంగ్లండులో పోర్ట్‌లాండ్ హార్బరులో 1972 నుంచి ఏటా వేగపు పందేల వారం జరపసాగారు. 500 మీటర్ల దూరాన్ని ఎంత కాలంలో దాటారో కొలుస్తారు. లెక్క నాట్లలో ఉంటుంది. ఒక నాటు అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 1972లో టిమ్ కోల్మన్ గారి క్రాస్‌బో అనే పడవ 26.3 నాట్లు నడిచింది. ఆయనదే క్రాస్‌బో టూ 1980లో 36 నాట్లు అందుకున్నది. ఈ రెండవ పడవ రెండు డొక్కులు జతచేసిన కాటమరాన్ జాతిది. కాటమరాన్ అనే మాట కట్టుమరం అనే తమిళ మాట నుంచి యూరపు భాషలలోకి వెళ్ళినదని అందరికీ తెలిసినదే. దుంగలు కట్టిన ఆ వాహనాన్నే మన తెలుగు తీరంలో తెప్ప అంటారు. పూరీలో పెంటకోట వాడలో నివసించే మన నోలియా బెస్తవారి తాతలు అలల మీద నడిపినది అదే. కోరమాండల్ తీరపు కట్టుమరాలు తెరచాప ఎత్తినప్పుడు పక్కకు జారకుండా నీటిలోకి ఒక పలకను దించటం కూడా ఉన్నది. అనగా పక్కతోపును ముందునడకగా మార్చే ఉపాయం మన సముద్రపు ఒడ్డున చదువురాని చేతులకు ఏనాడో తెలుసు.

1986లో పాస్కల్ మకా అనే ఫ్రెంచి ఆయన కానరీ ద్వీపాలలో 38.86 నాట్లు నడిచి, క్రాస్‌బో రికార్డును పలకతో బద్దలు కొట్టాడు. లక్షలు పోసి కట్టిన పడవను, ఒక మనిషి చంకన పెట్టుకొని మోయగల పలక ఓడించింది. 1988లో ఎరిక్ బీల్ ఫ్రాన్సులో 40.48 నాట్లతో, తెరచాపతో 40 దాటిన మొదటివాడైనాడు. 1993లో తియరీ బియెలాక్ 45.34కు, 2005లో ఫినియన్ మేనార్డ్ 48.70కు చేర్చారు. 2015లో ఆంత్వాన్ అల్బో నమీబియా దేశపు లూడెరిట్జ్‌లో 53.27 నాట్లు పరుగెత్తాడు. అంటే గంటకు 98 కిలోమీటర్ల పైచిలుకు. మన లైనులో ఎక్స్‌ప్రెస్ బండి జోరు మీద ఉన్నప్పటి వేగం అది! 500 మీటర్లూ దాటటానికి పట్టినది సుమారు 18 సెకన్లు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 2012లో పాల్ లార్సెన్ నమీబియాలోనే వాల్విస్ బేలో వెస్టాస్ సెయిల్‌రాకెట్ టూ అనే వింత పడవతో 65.45 నాట్లు నడిచాడు. అది పలక కాదు. పలకలవారి కీర్తికి దానివల్ల లోటు లేదు.

ఈ రికార్డులన్నీ పుస్తకాలలోకి ఎక్కాయి. కాని వాటిలో చాలావాటి వెనుక ఒక సౌకర్యం ఉన్నది. ఫ్రాన్సులో సెంత్ మరీ అనే ఊరి దగ్గర, తరువాత లూడెరిట్జ్‌లో, గాలికి తగిన కోణం చూసి, అల లేవకుండా కాలువలే తవ్వించుకున్నారు. నీటిని తమకు కావలసినట్లు తెచ్చుకోగలవారి సంగతి వేరు. కాలువ తవ్వించుకోలేని సామాన్యులు ఏం చేయాలి? వారు ఉన్న నీటినే వాడుకోవాలి. ఉన్న నీటిలో నాచు ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. వేగానికి కావలసినది నునుపైన నీరు. అల ఉంటే పలక ఎగిరిపడుతుంది. నునుపైన నీరు ఎక్కడ ఉంటుంది? ఒడ్డు చాటున, లోతు తక్కువైన చోట. లోతు తక్కువైతే వెలుతురు అడుగుదాకా పోతుంది, వెలుతురు పోయిన చోట గడ్డి మొలుస్తుంది. అంతేకాదు, సముద్రపు గడ్డి మేటలు తామే అలల జోరును అణచివేస్తాయి. కనుక గడ్డి ఉన్నందువల్లనే నీరు ఇంకా నునుపవుతుంది. వేగాన్ని ఇచ్చేదీ అదే, వేగాన్ని చంపేదీ అదే. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం ఉపగ్రహాల జి.పి.ఎస్. సంకేతాలలో తాను కావాలని పెట్టిన తప్పును తీసివేసింది. తరువాత కొద్ది సంవత్సరాలకే ఎవరి చేతికి వారు చిన్న యంత్రం కట్టుకొని తమ వేగం తామే కొలుచుకోసాగారు. పందెం అధికారులు అక్కరలేదు, కాలువ అక్కరలేదు. ఆస్ట్రేలియాలోనూ, యూరపులోనూ, అమెరికాలోనూ ఎవరి ఊరి ఉప్పుటేరుకు వారు పరుగెత్తారు. నాచు విడిచే రెక్కకు అప్పటినుంచి గిరాకీ బాగా పెరిగింది.

నాచు ఒక్క పోగు తగిలితే ఏమవుతుందని అడగవచ్చు. నీటి అడ్డం వేగంతోపాటు పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే అడ్డం నాలుగింతలు. 10 నాట్ల మీద లెక్కలోకి రాని పోగు 30 నాట్ల మీద తొమ్మిదింతల బరువుతో లాగుతుంది. అంతకన్నా చెరుపు ఇంకొకటి ఉన్నది. రెక్కకు ఒకవైపు నీటి ఒత్తిడి తగ్గటం వల్లనే అది పక్కతోపును ఆపగలుగుతుంది. నాచు తగిలిన చోట నీటి ఒరవడి చెదిరి, పైనుంచి గాలి ఆ వైపుకు దిగుతుంది. రెక్క పట్టు ఒక్కసారిగా తప్పి, పలక వెనుకభాగం పక్కకు జారిపోతుంది. గుత్తిగా తగిలితే పలక ఆగిపోతుంది, మనిషి ఆగడు. తెరచాపతో సహా ముందుకు విసిరివేయబడతాడు. కనుక ఇది కేవలం పందెం గెలుపోటముల సంగతి కాదు, ఎముకల సంగతి.

దీనికి మందు వాలు. రైల్వే వారికి ఒక్క మాటలో చెప్పవచ్చు. పాత ఆవిరి ఇంజను ముందు నాగలిలాగా వాలి ఉండే కౌకేచరు ఉండేది గదా. పట్టాల మీద అడ్డం వచ్చినదానిని అది ఢీకొని ఆపదు, వాలు మీద పక్కకు తోసివేస్తుంది. కాలువలో నిటారుగా పాతిన రాటకు చెత్త అంతా చుట్టుకుంటుంది. అదే రాట ప్రవాహం పోయే వైపుకు వాలి ఉంటే చెత్త కొసదాకా జారి వదలిపోతుంది. రెక్క కూడా అంతే. నీరు నాచును వెనక్కి లాగుతూ ఉంటుంది. రెక్క నిటారుగా ఉంటే ఆ లాగుడంతా నాచును రెక్కకు అదమటానికే సరిపోతుంది. రెక్క వెనక్కి వాలితే ఆ లాగుడులో ఒక వంతు అంచు వెంట క్రిందికి జరపటానికి పనికి వస్తుంది. ఈ జరిపే వంతు రాపిడిని మించిన క్షణాన నాచు కదులుతుంది. 45 డిగ్రీల వాలు దగ్గర అదిమే వంతు, జరిపే వంతు సమానమవుతాయి. అందుకే నాచు రెక్కలలో ఆ కోణం తరచుగా కనిపిస్తుంది. రాపిడి తగ్గించటానికి అంచు నునుపుగా ఉండాలి. వడ్లగింజంత నొక్కు ఉన్నా నాచు అక్కడ పట్టుకొని కూర్చుంటుంది.

అయితే ఉచితంగా వచ్చేది లోకంలో ఏదీ లేదు. 40 సెంటీమీటర్ల రెక్కను 30 డిగ్రీలు వాలిస్తే నీటిలో దాని లోతు సుమారు 35కు తగ్గుతుంది. 45 డిగ్రీలు వాలిస్తే 28కి తగ్గుతుంది. వాలిన రెక్కకు పట్టు తక్కువ, గాలికి ఎదురుగా నడిచే శక్తి తక్కువ. ఆ లోటు తీర్చటానికి రెక్క మొదలు వెడల్పు చేస్తారు. వెడల్పు చేస్తే రాపిడి పెరుగుతుంది. శుభ్రమైన నీటిలో నిటారు రెక్కవాడు వాలు రెక్కవాడిని దాటిపోతాడు. నాచు నీటిలో నిటారు రెక్కవాడు మధ్యలో దిగి రెక్కను దులుపుకుంటూ ఉండగా వాలు రెక్కవాడు ఒడ్డు చేరుతాడు. వేగమైన రెక్క ఏదని అడగటం తప్పు. ఈ నీటిలో గమ్యం చేర్చే రెక్క ఏదని అడగాలి.

ఎంచుకొనే పద్ధతి అనుభవజ్ఞులు ఇలా చెబుతారు. మొదట నీటిని చూడాలి. అక్కడక్కడ తేలివచ్చే పోగులే అయితే 30 డిగ్రీల పైచిలుకు వాలు చాలు. అడుగున వేళ్ళూనిన గడ్డి దట్టంగా ఉంటే 45 గాని, ఆపైన గాని కావాలి. మోకాలి లోతు నీళ్ళయితే పొట్టిగా, త్రికోణంగా, మొదలు బాగా వెడల్పైన రెక్క వాడుతారు. తరువాత తెరచాపను చూడాలి. చిన్న తెరచాపకు, బలమైన గాలికి చిన్న రెక్క. పెద్ద తెరచాపకు విస్తీర్ణం ఎక్కువ కావాలి. మూడవది, పలక అడుగున రెక్క దిగే గూడు. ఒక్క మరతో బిగేది ఒక రకం, రెండు మరలతో బిగే టటిల్ గూడు ఒక రకం, పొడుగాటి గాడిలో ముందుకూ వెనక్కూ జరిపేది ఇంకొక రకం. గూటికి సరిపడని రెక్క ఎంత మంచిదైనా దండగ. రెక్క వాలినందువల్ల పట్టు వెనక్కి జరుగుతుంది గనుక, వీలైతే మొదలును కొంచెం ముందుకు జరిపి బిగించుకోవాలి. గూటికీ రెక్కకూ నడుమ సందు ఉండకూడదు. రెక్క ఎంత వాలినా ఆ సందులో నాచు ఇరుక్కుంటుంది. గాజుబట్టకు ఎపాక్సీ జిగురు పట్టించి ఒత్తిన జి-10 అనే గట్టి పలక నుంచి కోసిన రెక్కలు నొక్కులు పడవు, పడినా సన్నని ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు. ఒడ్డు దిగేముందు అంచు వెంట గోరు జార్చి చూసుకోవటం మంచి అలవాటు. గోరు ఆగిన చోటే నాచు ఆగుతుంది.

ఈ విద్య ఒక్కడు కనిపెట్టినది కాదు. రికార్డు పట్టీలలో నావికుడి పేరు ఉంటుంది, రెక్కను ఆకురాయితో అరగదీసినవాడి పేరు ఉండదు. కొట్టంలో కూర్చొని ఒక డిగ్రీ వాల్చి, నీటిలో చూసి, మళ్ళీ వచ్చి ఒక నూలు తీసినవారి పని ఇది. 2011 నుంచి కరీబియన్ తీరాలకు సర్గాసం అనే తేలు నాచు కుప్పలు కుప్పలుగా కొట్టుకు వస్తున్నది. అక్కడి పలకలవారు ఆట మానుకోకుండా ఉండటానికి పేరు లేని ఆ పనివారి విద్య ఒక ఆసరా అయింది.

నాచును కోసిపారేస్తే సరిపోదా అని కొందరు అంటారు. మన చిలికా కథ తెలిసినవారు అలా అనరు. సముద్రపు మూతి పూడి, ఉప్పు తగ్గి, మంచినీటి నాచు విపరీతంగా పెరిగి చేపలు తగ్గినప్పుడు, 2000 సెప్టెంబరులో కొత్త మూతి తవ్వారు. ఉప్పునీరు వచ్చి ఆ నాచు వెనక్కి తగ్గింది. కాని సముద్రపు గడ్డి మేటలు పెరిగాయి. అవి రోగం కాదు, సరస్సు ఆరోగ్యం. చేపపిల్లలు, రొయ్యపిల్లలు ఆ గడ్డి చాటునే బ్రతుకుతాయి. మన బెస్తవారి అన్నం దాని మీద ఉన్నది. గడ్డి ఉండాలి, పడవా నడవాలి. అందుకు గడ్డిని కోయటం కన్న రెక్కను వాల్చటం తెలివి.

చివరగా ఒక మనవి. మా తాతగారు శ్రీకాకుళం వైపునుంచి గ్యాంగుకూలీగా ఈ లైను మీదికి వచ్చారు. మాకు ఇది మూడవ తరం. చుట్టూ ఉన్న భాషను, అలవాటును కత్తితో కోసుకుంటూ బ్రతకలేము. అలాగని అంతా చుట్టుకొని నిలిచిపోనూ కూడదు. రెక్క నాచును వదులుతుంది గాని నీటి పట్టును వదలదు. పట్టు వదిలితే పలక గాలి వాలున పోతుంది. మా ఇంట్లో వీధిభాష ఒడియా, బడి భాష ఇంగ్లీషు, అన్నం దగ్గర మాత్రం తెలుగు. అంతవరకే మేము పట్టుకోగలిగినది. అంతైనా పట్టుకున్నామని తృప్తి.

మా అబ్బాయికి ఇప్పుడు పదేళ్ళు. వాడు అడిగిన ప్రశ్నకు రెండేళ్ళ తరువాత జవాబు దొరికింది: చేశారు నాయనా, చాలామంది కలిసి చేశారు, కొద్దిగా వాల్చారు, అంతే. సభ్యులందరికీ, వారి పిల్లాపాపలకూ నూతన సంవత్సర శుభాకాంక్షలు.